గొర్రెకు పన్నెండే పదవులు

"నా టీములో చుట్టరికాలకు చోటు లేదు. వంశాలకు చోటు లేదు. ఉత్తరం, దక్షిణం అనే తేడాకు అసలే లేదు. చోటున్నది ఒక్క ప్రతిభకే!"

అధ్యక్ష ఎన్నికల్లో పోటీ చేస్తున్నట్టు రాజధాని బిష్కెక్‌లో విలేకరులను పిలిచి జిర్గల్‌బెక్ కెరిమ్‌కులొవిచ్ గారు చేసిన చరిత్రాత్మక ప్రకటన ఇది. ఆయన వెనక వరసగా నిలబడిన ఇద్దరు తమ్ముళ్ళు, ఒక తోడల్లుడు, ఒక వియ్యంకుడు, నలుగురు మేనల్లుళ్ళు అరచేతులు మంటెత్తేలా చప్పట్లు కొట్టారు.

జిర్గల్‌బెక్ గారెవరో ఇసిక్‌కుల్ సరస్సు ఒడ్డున ఏ బంగాళదుంపనడిగినా చెబుతుంది. శీతాకాలమంతా ఆయన గిడ్డంగుల్లో పడుకుని, ఎండలు ముదిరే వేళకు ఒక్క మొలకైనా లేకుండా బయటికొచ్చే దుంపలు దేశంలో మరెక్కడా లేవు. దుంపల్ని కుళ్ళకుండా కాపాడినవాడు దేశాన్ని కాపాడలేడా అన్నది ఆయన ప్రశ్న. విలేకరులు దాన్ని బుద్ధిగా రాసుకున్నారు.

"మీ ప్రచార సారథి ఎవరండీ?" అని ఒకావిడ అడిగింది.

జిర్గల్‌బెక్ గారు పక్కనున్న మనిషి భుజం మీద చెయ్యేశారు. తెల్లటి ఉన్ని టోపీ, వెండి గుండీల కోటు, మైకు లేకపోయినా మైకు పట్టుకున్నట్టే గుండెల దగ్గర ముడుచుకుని ఉన్న కుడిచెయ్యి.

"ఈయనే. మా అబ్దికాదిర్ అన్న."

"ఏ రంగంలో నిపుణులండీ?"

"పెళ్ళిళ్ళు," అన్నాడు అబ్దికాదిర్ వినయంగా. "పుట్టినరోజులు కూడా చేస్తాను."

నవ్వినవాళ్ళు నవ్వారు. నవ్వినవాళ్ళకు రాజకీయం తెలియదని జిర్గల్‌బెక్ గారి అభిప్రాయం. అబ్దికాదిర్ తమాదా, అంటే విందు నడిపించే పెద్దమనిషి. ఎవరు ఎక్కడ కూర్చోవాలో, ఎవరు ముందు మాట్లాడాలో, ఉడికిన గొర్రెలో ఏ ఎముక ఎవరి ముందు పెట్టాలో ఆయన చెప్పాలి, వచ్చినవాళ్ళు వినాలి. ఒక్క ఎముక అటూ ఇటూ అయిందా, ఇరవయ్యేళ్ళ స్నేహాలు అక్కడికక్కడే తెగిపోతాయి. అబ్దికాదిర్ ముప్పయ్యేళ్ళుగా విందులు నడుపుతున్నాడు. ఆయన బల్ల దగ్గర్నుంచి ఇంతవరకూ ఒక్క మనిషి అలిగి లేవలేదు. మరి ప్రభుత్వం నడపడమంటే ఇంతకంటే ఏముంది చెప్పండి.

అబ్దికాదిర్‌కు ఉన్న ఆస్తి ఆ పేరొక్కటే. అదీ ఈమధ్య కరిగిపోతోంది. కొత్తరకం హోటళ్ళలో మాంసం ముక్కలు కోసి, చిన్న పళ్ళేల్లో అందరికీ సమానంగా పంచేస్తున్నారు. తాతకూ అదే ముక్క, మనవడికీ అదే ముక్క. తమాదాలుగా కుర్రవాళ్ళొచ్చి స్పీకర్లు పెట్టి, బెలూన్లు పగలగొట్టే ఆటలాడిస్తున్నారు. పోయిన చలికాలం ఆయనకు మూడు పెళ్ళిళ్ళే దొరికాయి. అందుకే జిర్గల్‌బెక్ గారు కారులో కూర్చోబెట్టుకుని, "అన్నా, నేను గెలిచానంటే అధ్యక్ష భవనంలో విందులన్నీ నీవే. ఏ దేశం రాజొచ్చినా ఎముక నువ్వే పెట్టాలి," అన్నప్పుడు అబ్దికాదిర్‌కు కళ్ళు చెమర్చాయి. ఆ రాత్రి పెళ్ళాంతో చెప్పుకుని ఏడ్చాడు కూడా. తమ్ముడు గెలవాలి, అంతే.

*

ప్రచార కార్యాలయంగా ఒక వేడుకల హాలు అద్దెకు తీసుకున్నారు. మిగతా భవనాల్లో గదులున్నాయి గానీ పొడుగాటి బల్లల్లేవు.

మొదటిరోజే ఆయ్‌పెరి అనే అమ్మాయి వచ్చి గోడ మీద తెల్లకాగితం అంటించింది. ఎన్నికలు ఎలా నడపాలో విదేశాల్లో చదివొచ్చిన నిపుణురాలు. చేతిలో మూడు రంగుల పెన్నులు. పైన ఒక గడి గీసి 'సారథి' అని రాసింది. దాని కింద గళ్ళు గీసుకుంటూ పోయింది. విధానాలు, పత్రికలు, న్యాయం, ప్రయాణాలు, సలహాదారు, ఇంకా ఏవేవో. అబ్దికాదిర్ వేలితో లెక్కపెట్టి కుర్చీలోంచి లేచాడు.

"పన్నెండేనా అమ్మా?"

"పన్నెండే అన్నా. ఇంతకంటే ఎక్కువైతే టీమ్ పనిచెయ్యదు. అన్ని దేశాల్లోనూ పరిశోధన చేసి తేల్చారు."

"పరిశోధనెందుకు, నన్నడిగితే చెప్పేవాణ్ణి! గొర్రెకు పెద్ద ఎముకలు పన్నెండేగా!"

ఆయ్‌పెరి పెన్ను మూత పెట్టడం మర్చిపోయింది. అబ్దికాదిర్ గడగడా చెప్పేశాడు. తుంటి రెండు, తొడ రెండు, పిక్క రెండు, భుజం పలకలు రెండు, దండ ఎముకలు రెండు, ముంగాలివి రెండు. ఏ పదవికి ఏ ఎముకో అక్కడికక్కడే తేలిపోయింది. రాజకీయశాస్త్రమూ గొర్రె శరీరమూ ఒకటేనని లోకంలో మొట్టమొదట కనిపెట్టింది మా బిష్కెక్‌లోనే.

"మరి ఈ కిందది?" అని కాగితం అడుగున ఉన్న పెద్ద సున్నా చూపించాడు అబ్దికాదిర్.

"అదే అన్నిటికంటే ముఖ్యం అన్నా. ఇల్లిల్లూ తిరిగి సంతకాలు తెచ్చేవాళ్ళు. ముప్పైవేల సంతకాలు లేకపోతే మనవాడి పేరు బ్యాలెట్‌లోనే ఉండదు."

"ఓ, వెన్నుపూస వాళ్ళా," అన్నాడు అబ్దికాదిర్ తేలిగ్గా. మా విందుల్లో వెన్నుపూస ముక్కలు పిల్లలకు పెడతారు. "వాళ్ళదేముందమ్మా, ఆఖర్న చూసుకుందాం."

*

టీమ్ ప్రారంభోత్సవం ఘనంగా జరిగింది. పెద్ద పీట మీద జిర్గల్‌బెక్ గారి తండ్రి కెరిమ్‌కుల్ తాత కూర్చున్నాడు. ఎనభై ఆరేళ్ళు, పళ్ళన్నీ ఉన్నాయి, చెముడు మాత్రం కాస్త ఎక్కువ. గొర్రె తలకాయ ఆయన ముందే పెట్టారు. తండ్రి బతికుండగా కొడుకు తలకాయ ముట్టకూడదన్నది ఆ ఇంటి ఆచారం. అధ్యక్షుడు కాబోయే మనిషి యాభై ఎనిమిదేళ్ళుగా తలకాయ వంక చూడటమే గానీ తిన్నది లేదు.

చెవి మాత్రం పిల్లల వాటా, అందుకే తాత చాకుతో ఒకటి కోసి, ఒళ్ళో ఉన్న మునిమనవరాలి చేతిలో పెట్టాడు.

"తినవే తల్లీ. పెద్దవాళ్ళ మాట చెవిన పెట్టాలి, సరేనా?"

పిల్ల బుద్ధిగా నమిలింది.

"ఇంతకీ ఈ విందెందుకురా?" అన్నాడు తాత.

"నేను అధ్యక్షుణ్ణవుతున్నా నాన్నా!"

"ఏంటీ?"

"అధ్యక్షుణ్ణి! అధ్యక్షుణ్ణి!"

"మంచిదే. మరి దుంపలెవరు చూస్తారు?"

అందరూ నవ్వారు. అబ్దికాదిర్ లేచి ఎముకలు పంచడం మొదలుపెట్టాడు. ఒక్కో ఎముక, ఒక్కో పదవి, ఒక్కో పొగడ్త. పదకొండు సజావుగా సాగాయి. పన్నెండోది భుజం పలక. దాన్ని ఓష్ నుంచి వచ్చిన తాష్‌పొలొత్ గారి ముందు పెట్టి, దక్షిణ ప్రాంతాల బాధ్యుడిగా ప్రకటించాడు. తాష్‌పొలొత్ గారికి టాక్సీలు బోలెడు, మీసాలు అంతకంటే పెద్దవి. ఆయన పలకను అటు తిప్పి, ఇటు తిప్పి బల్ల మీద పెట్టేశాడు.

"మావైపు ఇది అల్లుళ్ళకు పెడతారు. నేనేమన్నా మీ ఇంటికొచ్చిన అల్లుణ్ణా?"

 తాష్‌పొలొత్ గారి చెయ్యి టోపీ మీదికి వెళ్ళింది. అది అబ్దికాదిర్ చూశాడు. ముప్పయ్యేళ్ళ పేరు, మొదటి రోజే!

"అయ్యో, కూర్చోండి అన్నా, కూర్చోండి!" అని పరుగెత్తుకొచ్చాడు. "ఆ పలక మీకు కాదు, మీ పక్కాయనకు. మీకు ఎముకల్లోకెల్లా గొప్పది, తుంటి. రెండో గొర్రె ఇంకా ఉడుకుతోంది."

నిజానికి రెండో గొర్రె అప్పటికింకా పెరట్లో గడ్డి తింటోంది. అయినా ప్రభుత్వాలు నిలబడేది ఇలాంటి సమయస్ఫూర్తి మీదే. వంటాయన జూమాదిల్ కత్తి తీసుకుని వెళ్ళాడు, తాష్‌పొలొత్ గారు ప్రథమ ఉపసారథి అయ్యారు. కాకపోతే రెండో గొర్రెకూ పన్నెండు ఎముకలున్నాయి. ఒక్క తుంటి తీసి మిగతా పదకొండూ పారేస్తామా? ఇంకో పదకొండుమంది ఉపసారథులు పుట్టారు. వాళ్ళకు పడ్డ తుంటి చూసి తొడ వచ్చినవాళ్ళు ముఖం మాడ్చుకున్నారు. మూడో గొర్రె దిగింది.

అదీ పద్ధతి. ఎవరైనా అలిగితే ఒక గొర్రె, గొర్రెకు పన్నెండు పదవులు. చూస్తూ చూస్తూ ఉండగానే ప్రథమ ఉపసారథి, సహ ఉపసారథి, ఉత్తరాదిలో ఉంటున్న దక్షిణాది వాళ్ళ ఉపసారథి, దక్షిణాదిలో ఉంటున్న ఉత్తరాది వాళ్ళ ఉపసారథి, ఎటూ కానివాళ్ళ సమన్వయకర్త తయారయ్యారు. గోడ మీద కాగితం చాలక ఆయ్‌పెరి కర్టెన్ల మీద గళ్ళు గియ్యాల్సి వచ్చింది. ఇంత పెద్ద టీమ్ దేశచరిత్రలో లేదని జిర్గల్‌బెక్ గారు టీవీలో చెప్పారు. అందులో అబద్ధం ఒక్క ముక్క లేదు.

*

సంతకాలు మాత్రం రాలేదు. సంతకాలకు వెళ్ళేవాళ్ళు లేరు మరి. తుంటి తిన్న మనిషి ఇంటింటికీ తిరిగి తలుపు కొడితే ఏం బాగుంటుంది?

ఆయ్‌పెరి విశ్వవిద్యాలయంలో కాగితాలంటించింది, పనిచేసే యువత కావాలని. మర్నాడే బెగిమాయ్ అనే అమ్మాయి వచ్చింది. కాళ్ళకు బూట్లు, వీపుకు సంచి, సంచినిండా పెన్నులు.

"సంతకాలు తేవడానికొచ్చానండీ. ఏ వీధికి వెళ్ళమంటారు?"

ఆయ్‌పెరికి ఆ పిల్లను ముద్దుపెట్టుకోవాలనిపించింది. ఇంతలో అబ్దికాదిర్ చూశాడు.

"అదేంటమ్మా, గుమ్మంలో నిలబడి మాట్లాడతావ్? లోపలికి రా. టీ తాగు. మీదే ఊరు? నరీన్ పట్నమా! మీ తాత పేరేంటి? ఓరి భగవంతుడా, ఆయన మనవరాలివా! ఆయన అరవయ్యో పుట్టినరోజు విందు నేనేగా నడిపించింది! ఆ మూలనెందుకు కూర్చుంటావ్, పైకి రా, పైకి!"

"అన్నా, వద్దు!" అని ఆయ్‌పెరి అరిచేసరికే ఆలస్యమైపోయింది. బెగిమాయ్ ముందు ముంగాలి ఎముక ఉంది. యువజన వ్యవహారాల ఉపసారథిగా ఆమె పేరు మైకులో మోగింది.

మర్నాడు బెగిమాయ్ బూట్లు మానేసి ఎత్తుమడమల చెప్పులేసుకొచ్చింది.

"నా కింద ఎవరు పనిచేస్తారండీ?" అని అడిగింది.

ఆమె వెనక వచ్చిన విద్యార్థులందరికీ అదే గతి పట్టింది. పనికని వచ్చినవాడు గుమ్మం దాటగానే అతిథి. అతిథికి ఎముక పెట్టాలి. ఎముక పెడితే హోదా. హోదా వచ్చాక పనెలా చేస్తాడు?

"అన్నా, నీకు దణ్ణం పెడతా, వాళ్ళకు తిండి పెట్టకు!" అంది ఆయ్‌పెరి ఏడుపు గొంతుతో.

అబ్దికాదిర్‌కు నిజంగానే కోపమొచ్చింది. "ఇంటికొచ్చిన మనిషిని కడుపు మాడ్చి పంపమంటావా? ఏం చదువమ్మా నీది? మనం మనుషులం కామూ?"

"పోనీ నూడుల్స్ పెట్టు. లగ్మాన్ వండించు. అందులో ఎముక ఉండదు కదా!"

ఆ మాట నిజమే. మర్నాడు హాల్లో అందరికీ లగ్మాన్ వడ్డించారు. గంట గడిచేసరికి ఊరంతా గుప్పుమంది. జిర్గల్‌బెక్ పనైపోయిందట, నూడుల్స్ పెడుతున్నాడట. మూడు ప్రాంతాల బాధ్యులు చెప్పకుండా వెళ్ళి గెలిచే ఆయన గుమ్మంలో తేలారు. గెలిచే ఆయనంటే ఇంకో అభ్యర్థి. ఆయన పేరు ఎవరూ పలకరు, అందరూ గెలిచే ఆయన అనే అంటారు. వెళ్ళిన ముగ్గురినీ వెనక్కి తేవడానికి మూడు గొర్రెలు పట్టాయి.

చివరికి అబ్దికాదిరే ఒక దారి కనిపెట్టాడు. సంతకాల కాగితాలు పై నుంచి కిందికి దింపాలి. ఒక్కో కాగితానికి పది వరసలు. ఉపసారథులు తమ కిందివాళ్ళకిస్తారు, వాళ్ళు తమ కిందివాళ్ళకిస్తారు. ఎక్కడో ఒకచోట జనం తగలకపోతారా?

ఆయ్‌పెరి మొదటిసారి ఆయన్ని మెచ్చుకుంది. అబ్దికాదిర్ ఆ పూట ఇంటికి పాట పాడుకుంటూ వెళ్ళాడు.

గడువు చివరిరోజు పొద్దున్నే తాష్‌పొలొత్ గారి టాక్సీల్లో పెట్టెలొచ్చాయి. ఏడెనిమిది పెట్టెలు, నిండా కాగితాలు. జిర్గల్‌బెక్ గారు కొత్త సూటేసుకుని వచ్చి ఒక పెట్టెను నిమిరారు. ఆయ్‌పెరి ఒక కట్ట విప్పింది. ఇంకోటి విప్పింది. ఆ తర్వాత కింద కూర్చుండిపోయింది.

"ఏమైందమ్మా?"

"చూడన్నా. ప్రతి కాగితంలోనూ ఒక్కటే సంతకం. మొదటి వరసలో. మిగతా తొమ్మిదీ ఖాళీ."

అబ్దికాదిర్ తాష్‌పొలొత్ గారి వైపు చూశాడు.

"మరేం చెయ్యమంటావ్?" అన్నాడాయన. "రెండో వరసలో పెట్టమంటే ఎవడూ ఒప్పుకోవట్లేదు. 'వాడి కింద నేనా?' అంటున్నారు. మర్యాద తెలిసినవాణ్ణి, ఎవరికి వాళ్ళకు కొత్త కాగితమిచ్చాను. ఒక్కడు అలగలేదు తెలుసా!"

అవును, ఎవరూ అలగలేదు. ఒక్క క్షణం అబ్దికాదిర్‌కు గర్వం కూడా కలిగింది. తర్వాత కాగితాలు ముందేసుకుని కూర్చున్నాడు. లెక్కేస్తే కావలసినదాంట్లో పదోవంతుకు కాస్త తక్కువే తేలింది. అధ్యక్ష భవనం, రాజులు, వాళ్ళ ముందు తను పెట్టబోయే ఎముకలు, అన్నీ ఆ ఖాళీ వరసల్లో కలిసిపోయాయి.

జిర్గల్‌బెక్ గారు పెట్టె మీద కూర్చున్నారు. 

"అన్నా, ఇంతమందిలో పనిచేసేవాడు ఒక్కడూ లేడా?"

"ఉండేవాడు తమ్ముడూ. వంటాయన జూమాదిల్. మొన్ననే అలిగితే వాణ్ణీ పశుసంపద ఉపసారథిని చేశాం."

*

ఆ సాయంత్రం జిర్గల్‌బెక్ కెరిమ్‌కులొవిచ్ గారు విలేకరులను మళ్ళీ పిలిచారు. దేశ ఐక్యత కోసం తాను పోటీ నుంచి తప్పుకుంటున్నానని, తన సువిశాలమైన టీమ్‌తో సహా గెలిచే ఆయనకు మద్దతిస్తున్నానని ప్రకటించారు. ఆయన వెనక చప్పట్లు కొట్టడానికి తోడల్లుడొక్కడే ఉన్నాడు. మిగతా టీమ్ అప్పటికే మద్దతివ్వడానికి వెళ్ళిపోయింది.

గెలిచే ఆయన హుందా మనిషి. జిర్గల్‌బెక్ గారిని విందుకు పిలిచారు. అంతేకాదు, "విందు నడపడానికి ఆ ముప్పయ్యేళ్ళ తమాదాను పిలిపించండి," అన్నారట. కబురు విని అబ్దికాదిర్ కోటు గుండీలు మూడుసార్లు తుడుచుకున్నాడు.

తీరా వెళ్ళి చూస్తే గోడ మీద తెల్లకాగితం, దాని మీద మూడు రంగుల్లో గళ్ళు. ఆయ్‌పెరి పెన్ను పట్టుకుని నిలబడి ఉంది.

"నువ్విక్కడేంటమ్మా?"

"నేను నిపుణురాలినన్నా. అభ్యర్థులు మారుతుంటారు."

"ఎన్ని గళ్ళు?"

"పన్నెండే. ఇక్కడ గొర్రె కూడా ఒకటే. ఇంకోటి కొయ్యరట."

బల్ల దగ్గర తాష్‌పొలొత్ గారు మీసాలు దువ్వుకుంటూ కూర్చున్నారు. ఆ పక్కన బెగిమాయ్, బూట్లేసుకుని. అబ్దికాదిర్ మైకు పట్టుకుని ఎముకలు పంచాడు. తాష్‌పొలొత్ గారికి భుజం పలక వచ్చింది. ఆయన దాన్ని రెండు చేతులా అందుకుని, కళ్ళకద్దుకుని, ఎప్పుడూ ఇంత మంచి ఎముక తినలేదన్నారు. బెగిమాయ్ వెన్నుపూస ముక్క నోట్లో వేసుకుని కాగితాల సంచితో వీధిలోకి పరుగెత్తింది. పళ్ళెం ఖాళీ అయింది.

అప్పుడు చూశాడు అబ్దికాదిర్. బల్ల చివర జిర్గల్‌బెక్ గారు చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నారు. ఆయన ముందు ఏమీ లేదు. పన్నెండూ అయిపోయాయి, ఆఖరిది పదవి అక్కర్లేని ఒక ముసలాయనకు పోయింది, పక్కటెముకలు అయిపోయాయి, వెన్నుపూసలు కూడా అయిపోయాయి.  తన బల్ల దగ్గర, తన తమ్ముడు, వట్టి చేతులతో! ఇప్పుడీయన లేచి వెళ్ళిపోతే ఇక మిగిలేదేముంది? బెలూన్లు పగలగొట్టించుకోవడమే.

గెలిచే ఆయన కూడా గమనించారు. తలకాయ ఆయన ముందే ఉంది, వాళ్ళ నాన్నగారు ఏనాడో పోయారు. నవ్వుతూ చాకు తీశారు. ఒక చెవి కోశారు. చాకు మొనమీదనే దాన్ని బల్ల చివరివైపు చాపారు.

"తీసుకో జిర్గల్‌బెక్, తిను."

 తాష్‌పొలొత్ గారు సైతం నమలడం ఆపారు. అబ్దికాదిర్ కళ్ళు మూసుకున్నాడు.

జిర్గల్‌బెక్ గారు లేచారు. టోపీ సర్దుకున్నారు. నడిచొచ్చి, రెండు చేతులూ చాపి చెవిని అందుకున్నారు. తర్వాత అబ్దికాదిర్ వైపు వంగి గుసగుసగా అడిగారు.

"అన్నా, ఇది ఏ పదవి?"

అబ్దికాదిర్ కళ్ళు తెరిచి గోడ మీది గళ్ళు చూశాడు. పేరు రాయని గడి ఒక్కటే కనిపించింది.

"సలహాదారు, తమ్ముడూ."

జిర్గల్‌బెక్ గారి ముఖం వెలిగిపోయింది. కూర్చుని, తీరిగ్గా, చివరిదాకా నమిలి తిన్నారు. ముప్పయ్యేళ్ళ పేరు నిలబడింది. ఆ రోజు కూడా అబ్దికాదిర్ బల్ల దగ్గర్నుంచి ఎవరూ అలిగి లేవలేదు. జిర్గల్‌బెక్ గారు మూతి తుడుచుకుని, ఫోను తీసి, తండ్రికి కలిపారు.

"నాన్నా! నాకు తలకాయలో వాటా వచ్చింది!"

"ఏంటీ?"

"తలకాయ నాన్నా, తలకాయ! అందరూ చూస్తుండగా ఇచ్చారు!"

"ఏ ముక్కరా?"

"చెవి!"

"ఏంటీ? వినపళ్ళేదు!"

"చెవి నాన్నా, చెవి!" అని హాలు దద్దరిల్లేలా, ఆనందంగా అరిచారు జిర్గల్‌బెక్ గారు.